కంపెనీ గురించి ఏం తెలుసు?

మాదన్నపేట కూరగాయల మండి తెల్లవారకముందే మేల్కొంటుంది. మా చిన్నమ్మ వాళ్ళిల్లు మండికి రెండు గల్లీల అవతల. ఆ ఇంట్లో పడుకుంటే ట్రాలీ ఆటోల చప్పుడుకి లేవాల్సిందే. మొన్నొక ఆదివారం వెళ్ళేసరికి చిన్నమ్మ కూతురు మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో బట్టీ పడుతోంది. మంగళవారం ఇంటర్వ్యూ. హైటెక్ సిటీ వైపు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ.

“అన్నా, మా కంపెనీ గురించి ఏం తెలుసు అని అడుగుతరంట. ఇదంతా చెప్తే సరిపోతదా?” అంది స్క్రీన్ నా వైపు తిప్పి.

కంపెనీ వెబ్‌సైటు. ‘మా గురించి’ అన్న పేజీ. విజన్, మిషన్, విలువలు. నవ్వుతున్న ఉద్యోగుల ఫొటో. మూడు అవార్డులు. ‘500 మందికి పైగా నిపుణులు’ అని పెద్ద అక్షరాల్లో ఒక లైను.

“ఇది వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకున్నదే కదా. ఇంకెవరైనా ఏమైనా చెప్పిండ్రా?” అన్నాను.

“ఇంకెవరు చెప్తరు?” అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. కంపెనీ గురించి కంపెనీ కాక ఇంకెవరు చెప్తారు? ఈ ప్రశ్నకి నాలుగు వందల ఏళ్ళ వయసుంది. ఆ చరిత్రలో కొంత ఈ ఊళ్ళోనే జరిగింది. దాని మొదట్లో ఉన్న మనిషి పేరే ఈ పేటకీ ఉంది.

*

మాదన్న గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకి ప్రధాని. అక్కన్న ఆయన సోదరుడు. మనలో చాలామందికి ఈ ఇద్దరూ రామదాసు కథ వల్లే తెలుసు. కంచెర్ల గోపన్నకి వీళ్ళు మేనమామలని చెప్పుకుంటారు. ఆ కథలో పెద్దగా కనపడని పని ఒకటి మాదన్నకుండేది. అది విదేశీ కంపెనీలతో వ్యవహారం.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడేళ్ళకే దాని మనుషులు మచిలీపట్నం చేరారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. 1670ల్లో మాదన్న పైకొచ్చేనాటికి గోల్కొండ రాజ్యంలో బట్టల నేతా, రేవుల సుంకాలూ, చెల్లించని బాకీలూ అన్నీ ఏదో ఒక కంపెనీతో ముడిపడి ఉన్నాయి.

ఆ కంపెనీలు ఇంటర్వ్యూకి బాగా చదువుకుని వచ్చిన రకం. మద్రాసులోని ఇంగ్లీషువాళ్ళకి గోల్కొండ దర్బారులో ఒక బ్రాహ్మణ వకీలు ఉండేవాడు. వాళ్ళ రికార్డుల్లో ‘విరాగో బ్రాహ్మిణీ’ అని కనిపించే వీరరాఘవుడు. అక్కన్న ఏమన్నాడు, మాదన్న ఏమన్నాడు, ఎవరికి కోపం వచ్చింది, అన్నీ ఉత్తరాల్లో మద్రాసు చేరేవి. డచ్చివాళ్ళ దగ్గర డేనియల్ హావర్ట్ అనే ఉద్యోగి ఉండేవాడు. ఆయన ఇక్కడ చూసిందీ విన్నదీ రాసుకుని, తన దేశం వెళ్ళాక 1693లో కోరమాండల్ గురించి ఒక పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. ఈ సోదరుల గురించి ఈనాటి చరిత్రకారులు చెప్పేదాంట్లో చాలా భాగం కంపెనీ మనుషులు రాసిపెట్టిన కాగితాల నుంచి వచ్చిందే.

మరి ఇటువైపు నుంచి? కంపెనీ గురించి మాదన్న తెలుసుకోవాలనుకుంటే ఎక్కడ చూడాలి? ఎదురుగా ఉన్నది ఒక ఫ్యాక్టరు, అతను తెచ్చిన కానుకలు. అతని వెనక ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేడుమంది డైరెక్టర్లు. కంపెనీ చేతిలో ఎంత డబ్బుంది, ఎంత అప్పుంది, ఏ మాట మీద ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఇవి చూసుకోవడానికి ఒక పుస్తకం గానీ ఒక కార్యాలయం గానీ లేదు.

అది గోల్కొండ అమాయకత్వం కాదు. డచ్చి కంపెనీలో డబ్బు పెట్టిన సొంత దేశపు వాటాదారులకీ అదే గతి. 1602 నాటి పత్రం ప్రకారం పదేళ్ళకి జమాఖర్చులన్నీ విప్పి చూపించాలి. పదేళ్ళు గడిచాయి, చూపించలేదు. 1622 వచ్చేసరికి కడుపు మండిన వాటాదారులు కరపత్రాలు అచ్చేసి పంచారు. లెక్కలు చూపించండి, మా డబ్బు ఏం చేశారో చెప్పండి అని. కంపెనీ యజమానులకే కనపడని పుస్తకాలు గోల్కొండ దాకా ఎలా వస్తాయి!

1686లో రెండు సంగతులు జరిగాయి. మొగలు సైన్యం గోల్కొండ మీద పడ్డ ఆ రోజుల్లో అక్కన్న, మాదన్నలని చంపేశారు. అదే ఏడు డచ్చివాళ్ళు మచిలీపట్నాన్ని బలవంతంగా తమ చేతిలోకి తీసుకున్నారు. ఈ రెండింటికీ ముడి పెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక వైపుకి ఎదుటివాళ్ళ గురించి అంతా తెలిసి, రెండో వైపుకి దాదాపు ఏమీ తెలిసే వీల్లేని బేరం ఒకటి ఈ ఊళ్ళో అప్పటికే పాతబడింది అని మాత్రమే.

*

కంపెనీల పేర్లు ఒక ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కాలి, ఆ రిజిస్టరుని ఎవరైనా చూడొచ్చు అనే పద్ధతి బ్రిటన్‌లో 1844లో గట్టిపడింది. మన దేశంలో కంపెనీల నమోదుకి మొదటి చట్టం 1850లో వచ్చింది. 1857లో పరిమిత బాధ్యత కూడా వచ్చి చేరింది. అంటే కంపెనీ మునిగితే వాటాదారుడి వాటా పోతుంది గానీ అతని ఇల్లు పోదు. ఈ వెసులుబాటుకి బదులుగానే లోకానికి కొంత సమాచారం చెప్పాల్సి వచ్చింది. దొంగ కంపెనీల్లో డబ్బు పోగొట్టుకున్న మదుపుదార్లూ, వసూలు కాని అప్పులిచ్చినవాళ్ళూ చేసిన గోల ఆ చట్టాల వెనక ఉంది.

రిజిస్టరు ఉంటే చాలా? చాలదని హైదరాబాదుకి 1888లో తెలిసొచ్చింది.

ఇల్లందు దగ్గర బొగ్గుందని జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ 1871లో కనిపెట్టాడు. 1886లో నిజాం ప్రభుత్వం గనులు తవ్వుకునే హక్కుని వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చింది. ఆ హక్కుతో లండన్‌లో ‘హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ’ లేచింది. మూలధనం పది లక్షల పౌండ్లు. చదివితే గుండె నిండే అంకె. కానీ ఆ లక్ష షేర్లలో 85,000 షేర్లు, డబ్బు పూర్తిగా కట్టేసినట్టే రాసుకుని, హక్కు తెచ్చినవాళ్ళ చేతికే పోయాయి. గనుల్లో పెట్టాల్సిన అసలు నగదు మిగిలిన 15,000 షేర్ల నుంచి రావాలి.

ఇదంతా నడిపించిన పెద్ద ఉద్యోగి అబ్దుల్ హక్, బిరుదు సర్దార్ దిలేర్ జంగ్. నిజాం తరఫున లండన్‌లో రైల్వే బేరాలు కుదిర్చిన మనిషి. లండన్‌లో ఆయన్ని నమ్మారు, ఎందుకంటే ఆయన నిజాం మనిషి. హైదరాబాదులో నమ్మారు, ఎందుకంటే ఆయనకి లండన్ తెలుసు. ఈ వ్యవహారంలో ఆయనకి రహస్యంగా ఒక వాటా ఉంది. నిజాం ప్రభుత్వం కూడా కొన్ని షేర్లు కొనుక్కుంటే మంచిదని సలహా ఇచ్చి, ప్రభుత్వ డబ్బుతో బజారులో కొంటున్నట్టు కనిపిస్తూ తన షేర్లనే ముఖవిలువకి మించిన ధరకి అంటగట్టాడు.

సంగతి బయటపడ్డాక 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. నిజాం తరఫు వాదన వినిపించడానికి మోసిన్ ఉల్ ముల్క్ లండన్ వెళ్ళాడు. అబ్దుల్ హక్ ఉద్యోగం పోయింది.

ఇక్కడ అబద్ధం ఏ కాగితంలో ఉంది? కంపెనీ నమోదైంది. మూలధనం రాశారు. హక్కుపత్రం నిజమైందే. బొగ్గు కూడా నిజమే. కాగితాల మీద ఉన్నవన్నీ చదివినా తెలియనిది ఒక్కటే: అమ్ముతున్నదీ కొనమని సలహా ఇస్తున్నదీ ఒకే మనిషి.

ఆ కంపెనీ ఆస్తులూ అప్పులూ 1920 డిసెంబరు 23న నమోదైన ఇంకో కంపెనీకి వచ్చాయి. దాని పేరు సింగరేణి కాలరీస్. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అందులో మెజారిటీ వాటా కొన్నది. ఇప్పుడు 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. ఈ రోజు సింగరేణి పరీక్షలకి చదివే పిల్లలు బట్టీ పట్టే తేదీల్లో 1871 ఉంటుంది, 1886 ఉంటుంది, 1920 ఉంటుంది. 1888 గురించి వాళ్ళని ఎవరూ అడగరు.

*

ఇప్పుడు 2008కి రండి. నవంబరు నెల అనుకుందాం. హైదరాబాదులో ఒక కుర్రాడు సత్యం కంప్యూటర్స్‌లో ఇంటర్వ్యూకి తయారవుతున్నాడు. చాలా శ్రద్ధగలవాడు. ‘మా గురించి’ పేజీతో ఆగలేదు, అన్నీ వెతికాడు. అతనికి ఏం దొరుకుతుంది?

1987లో రామలింగరాజు స్థాపించాడు. తర్వాత షేర్లు జనానికి అమ్మింది. 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా ఉంది. ఉద్యోగులు దాదాపు 53,000. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి ఐటీ స్పాన్సరు. 108 అంబులెన్సులు మొదలుపెట్టించింది ఈ రాజుగారే. ఆడిటరు పేరు ప్రపంచమంతా తెలిసిన పేరు. బోర్డులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, హార్వర్డ్ ప్రొఫెసరు. రెండు నెలల కిందటే, సెప్టెంబరులో, కంపెనీని నీతిగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు. బ్యాంకులో నగదు ఐదు వేల కోట్ల పైచిలుకు.

ఇంటర్వ్యూలో ఇవన్నీ గడగడా చెప్తే ఉద్యోగం ఖాయం. పాపం, అతని తప్పేం లేదు.

డిసెంబరు 16న సత్యం తన డబ్బుతో రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకి కొంటానంది. మేటాస్ అంటే ఇంగ్లీషులో సత్యం అక్షరాల్ని తిరగేసి రాసినదే. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా కూలింది. కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. వారం తిరక్కుండా ప్రపంచ బ్యాంకు సత్యాన్ని ఎనిమిదేళ్ళు నిషేధించిన సంగతి బయటికొచ్చింది. డైరెక్టర్లు ఒక్కొక్కరే రాజీనామా చేశారు. 2009 జనవరి 7న రాజుగారి ఉత్తరం. బ్యాంకులో ఉన్నట్టు చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చెప్పారు, అసలుది 61 కోట్లు. పులి మీద ఎక్కాను, దిగితే తింటుందని తెలుసు, ఎలా దిగాలో తెలియలేదన్న అర్థంలో ఆయన రాసుకున్న మాట ఊరంతా మోగింది.

దొంగ ఇన్వాయిసులు ఆరు వేలకు పైనే అని అమెరికా సెక్యూరిటీల సంస్థ తర్వాత తేల్చింది. బ్యాంకుల్లో నిజంగా డబ్బుందా అని ఆడిటర్లు నేరుగా బ్యాంకుల్నే సరిగ్గా అడిగి చూసుకోలేదనీ చెప్పింది. ప్రపంచంలోనే పేరున్న ఆడిటరు కూడా, ఒక రకంగా, ‘మా గురించి’ పేజీనే చదివాడన్నమాట.

మరి ఆ కుర్రాడికి అందుబాటులో ఏమీ లేదా? ఒక చిన్న అంకె ఉంది. షేర్ల వాటాల పట్టిక ప్రతి త్రైమాసికానికీ బహిరంగంగానే వచ్చేది. ప్రమోటర్ల వాటా 2001లో సుమారు 25 శాతం. 2008 నాటికి 9 శాతం లోపు. అది నేరానికి రుజువు కాదు. వాటాలు తగ్గడానికి సవాలక్ష కారణాలుంటాయి. కానీ అవార్డుల పేజీలో ఉండని సంగతి అది. కంపెనీ గొప్పగా చెప్పుకోవాలని చెప్పినది కాదు, చట్టం అడిగింది కాబట్టి చెప్పినది. నేను ఈ చరిత్ర చదివి నేర్చుకున్న తేడా ఇదొక్కటే. ఒక సంస్థ గురించి దొరికే మాటలు రెండు రకాలు: అది చెప్పదలుచుకున్నవి, చెప్పక తప్పనివి. రెండో రకంలోనూ అబద్ధాలుండొచ్చని సత్యం చూపించింది. అయినా వెతకాల్సింది అక్కడే. అక్కడ అబద్ధం చెప్తే శిక్ష ఉంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుగారితో పాటు మొత్తం పదిమందికి ఏడేళ్ళ జైలు వేసింది ఇలాంటి మాటలకే.

*

సత్యం కథని మనం ఎప్పుడూ మదుపుదార్ల కథగానే చెప్పుకుంటాం. షేరు ఎంత పడింది, ఎవరి డబ్బు ఎంత పోయింది. అమెరికాలో షేర్లు కొన్నవాళ్ళు కోర్టుకెళితే 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. మన దేశంలో అలా అందరి తరఫునా ఒకే కేసు వేసే దారి అప్పటికి లేదు. 2013 కంపెనీల చట్టంలో పెట్టారు. ఆ హక్కు ఎవరికి? వాటాదారులకి, డిపాజిటుదారులకి.

ఉద్యోగుల సంగతి? ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు బ్యాంకుల దగ్గర 600 కోట్ల అప్పు తెచ్చి కంపెనీని నడిపింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. ఆ తర్వాత వేలమందిని ‘వర్చువల్ పూల్’ అనే జాబితాలో పెట్టి, జీతంలో కొంత మాత్రమే ఇస్తూ ఇంట్లో కూర్చోబెట్టారు. వాటాదారుడు తన డబ్బుని పది కంపెనీల్లో పంచి పెట్టుకోవచ్చు. ఉద్యోగి తన రోజుని పది కంపెనీల్లో పంచలేడు. అందరికంటే ఎక్కువ పణం పెట్టేది అతనే. కానీ 1622 కరపత్రాల నుంచి 2013 చట్టం దాకా, లెక్కలు చూపించమని అడిగే హక్కు వాటాదారుడికో అప్పిచ్చినవాడికో వచ్చింది. ఉద్యోగంలో చేరబోయేవాడిని దృష్టిలో పెట్టుకుని ఎవరూ రాయలేదు. వాళ్ళు తెరిపించిన తలుపుల్లోంచి మనం తొంగి చూడాలి, అంతే.

ఆ మాటే చిన్నమ్మ కూతురికి చెప్పి, ఇద్దరం కూర్చున్నాం. కంపెనీల మంత్రిత్వశాఖ సైటులో, 2006 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ రిజిస్టరులో, కంపెనీ ఎప్పుడు పుట్టిందీ డైరెక్టర్లు ఎవరన్నదీ ఉచితంగానే చూడొచ్చు. వంద రూపాయలు కడితే అది దాఖలు చేసిన కాగితాలన్నీ తెరవొచ్చు, బ్యాలెన్సు షీటుతో సహా. అదే పెద్ద లిస్టెడ్ కంపెనీ అయితే, మార్కెట్ విలువలో మొదటి వెయ్యింటిలో ఉంటే, ఏడాదిలో ఎంత శాతం ఉద్యోగులు వెళ్ళిపోయారో కూడా వార్షిక నివేదికలో రాయాలి. ఇది చిన్న ప్రైవేటు కంపెనీ కాబట్టి అది లేదు.

వంద రూపాయలు కట్టాం. ఆ బ్యాలెన్సు షీటు నాకు సగమే అర్థమైంది, తనకి నాకంటే ఎక్కువే అర్థమైంది. బీకాం చదివిన పిల్ల. పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

చివరగా ప్రావిడెంట్ ఫండ్ సైటు తెరిచాం. 1952 నాటి పీఎఫ్ చట్టం ఉద్యోగుల కోసం వచ్చిన చట్టం. నేనెరిగిన రిజిస్టర్లలో ఉద్యోగికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. సంస్థ పేరు కొడితే ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో, ఏ తేదీన కట్టారో కనిపిస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు.

తను లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. “అన్నా, అరవై ఎనిమిది మందే ఉన్నరు.”

వెబ్‌సైటులో ఐదు వందలు.

“దొంగ కంపెనీయా?” అంది. గొంతులో భయం. చిన్నాయనకి మండిలో హమాలీల మేస్త్రీ పని. మోకాళ్ళ నొప్పులతో ఈ ఏడు మానేస్తానంటున్నాడు. ఈ ఉద్యోగం ఆ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. తొందరపడి ఒక మాట అనలేను.

“కాకపోవచ్చు. వేరే ఊళ్ళో వేరే కోడ్ మీద కడుతుండొచ్చు. అమెరికాలో మనుషులుండొచ్చు. మనకు తెల్వదు. వాళ్ళనే అడుగు” అన్నాను.

“ఇంటర్వ్యూల అడగొచ్చా? ఏమనుకుంటరో.”

“మర్యాదగా అడుగు.”

మంగళవారం సాయంత్రం ఫోన్ చేసింది. కంపెనీ గురించి ఏం తెలుసని నిజంగానే అడిగారట. స్థాపించిన సంవత్సరం, చేసే పని, ఇద్దరు డైరెక్టర్ల పేర్లు చెప్పి, చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు ఆ ప్రశ్న వేసిందట. సైటులో ఐదు వందలమంది అనుంది సార్, పీఎఫ్ కట్టేది అరవై ఎనిమిది మందికి, మిగతావాళ్ళు ఏ పేరు మీద ఉంటరు అని. ఎదుటాయన ఒక్క నిమిషం ఆగి, చాలామంది వెండర్ల దగ్గర్నుంచి వస్తారమ్మా, నువ్వు సెలెక్ట్ అయినా మొదటి ఏడాది వెండర్ పేరు మీదే ఉంటావు, ఆఫర్ లెటర్ వాళ్ళే ఇస్తారు అన్నాడట. కోపంగా కాదు, మామూలుగానే. అడక్కపోతే ఎప్పుడు చెప్పేవాళ్ళో.

“మరి ఏం చేస్తవ్?” అన్నాను.

“సెలెక్ట్ అయిన అన్నా. వద్దనలేను కదా ఇప్పుడే.” ఫోన్‌లో ల్యాప్‌టాప్ కీల చప్పుడు వినిపిస్తోంది. “ఆ వెండర్ పేరు అడిగి రాసుకున్న. ఇప్పుడు వాళ్ళది చూస్తున్న. ఇంకో వంద రూపాయలు పంపు.”